కడపటి భాగం చూసిన మరునాడు



నెలల తరబడి సాగిన ధారావాహిక ఒకటి ఒక రాత్రి ముగిసిందనుకోండి. అందులోనూ అది దయ్యాల కథో, నాగిని కథో అయిందనుకోండి. మరునాడు పొద్దున మన బళ్లారి వైపు ఏ ఊళ్ళో చూసినా అదే ముచ్చట. నీళ్ళ కొళాయి దగ్గర అదే, మోకా నుంచీ రూపనగుడి నుంచీ పట్నానికి వచ్చే బస్సుల్లో అదే, చివరికి మా బడిలో ఉపాధ్యాయులు కూర్చునే గదిలోనూ అదే. "అక్కా, నిన్న చూస్తివా?" అని ఒకరు తెలుగులో అందుకుంటారు. "నోడ్దె, నోడ్దె. ఆదరె ముందేను?" అని ఇంకొకరు కన్నడంలో అంటారు. చూశాను గానీ తర్వాత ఏమిటని ఆమె అడగడం. ఆ ప్రశ్నకు మూడో ఆవిడ మళ్ళీ తెలుగులో జవాబు చెబుతుంది. నీ భాష మార్చుకో అని ఎవరూ ఎవరినీ అడగరు.

ఈ మాటలను పనిలేని కబుర్లని తీసిపారేసేవాళ్ళు ఉన్నారు. ఆడవాళ్ళకు, పిల్లలకు ఇంకేం పని అని చప్పరించేవాళ్ళూ ఉన్నారు. నేను రెండు భాషల పిల్లలకూ పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయినిని. నాకు మాత్రం ఆ ముచ్చట్లు చాలా విలువైనవిగా కనిపిస్తాయి. ఎందుకంటే, రాత్రి తెర మీద చూసిన వింతలో ఎంత కథో, ఎంత నిజమో జనం తేల్చుకునేది ఆ మరునాటి మాటల్లోనే. ఆ తేల్చుకోవడం సరిగా జరిగితే కథ ఒక వినోదం. జరగకపోతే అదే కథ ఒక్కోసారి ప్రాణం మీదకు తెస్తుంది. ఈ పూట ఆ సంగతే మీతో ముచ్చటించాలని వచ్చాను.

ముగింపు గురించి వాదించుకోవడం మనకు టెలివిజన్ నేర్పిన అలవాటని అనుకోకండి. బళ్లారికి అది నూరేళ్ళకు పైబడిన అలవాటు. ఈ ఊళ్ళో వకీలుగా ఉంటూ నాటకాలు రాసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి పేరు మీరంతా వినే ఉంటారు. 1853లో పుట్టి 1912లో కన్నుమూసిన ఆయనను ఆంధ్ర నాటక పితామహుడని తెలుగువారంతా గౌరవిస్తారు. సరస వినోదిని సభ అనే సమాజాన్ని నడిపి ఇక్కడే నాటకాలు ఆడించారు. ఆయన రాసిన ‘విషాద సారంగధర’ను తెలుగులో మొదటి విషాదాంత నాటకమని సాహిత్య చరిత్రకారులు చెబుతారు.

సారంగధరుడి కథ మీకు తెలిసిందే. సవతి తల్లి చిత్రాంగి వేసిన నిందను తండ్రి నమ్ముతాడు. ఏ పాపమూ ఎరుగని కొడుకు కాళ్ళూ చేతులూ నరికిస్తాడు. పాత కావ్యాల్లో ఈ కథ అక్కడితో ఆగదు. ఒక సిద్ధుడు వస్తాడు. ఆయన మహిమ వల్ల ఆ యువకుడికి పోయిన అవయవాలు తిరిగి వస్తాయి. విన్నవారు అమ్మయ్య అనుకుని ఇంటికి పోతారు. ధర్మవరం వారు తన నాటకానికి విషాదమని పేరుపెట్టి మరీ, ఆ ఊరట లేకుండా ముగించారు. మంగళంతోనే నాటకం ముగియాలని సంస్కృత సంప్రదాయం నేర్పిన కాలంలో అది చిన్న సాహసం కాదు. తొందరపడి నమ్మిన తండ్రి తప్పును ఏ మహిమా దిద్దలేదని ఆ ముగింపు చెబుతోంది. నాటకం చూసి వచ్చిన మన ముత్తాతలు దారిపొడుగునా ఏమేం అనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. కానీ అనుకోకుండా ఎలా ఉంటారు చెప్పండి? ఆచార్యుల వారి మేనల్లుడే మన బళ్లారి రాఘవ. ఆ నటనను చూసి మాట్లాడుకున్న ఊరు ఇది.

రంగస్థలం తర్వాత వారపత్రికలు వచ్చాయి. 1980 దశకం మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ తెలుగునాట చేసిన సందడి పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. కాష్మోరా అనే మాటను ఇంటింటికీ తెచ్చిన నవల అది. ఒక చిన్న పాప మీద జరిగిన క్షుద్ర ప్రయోగం అందులో కథ. ఆ నవల కన్నడంలోకి వెళ్ళింది. 1985లో ‘తుళసీదళ’ అనే పేరుతో కన్నడ సినిమా కూడా వచ్చింది. సరిహద్దు జిల్లా కనుక మనకు రెండూ అందుబాటులోకి వచ్చాయి. అమ్మ తెలుగు పుస్తకం చదివితే, కన్నడ మాధ్యమంలో చదివిన కూతురు కన్నడ పుస్తకం చదివింది. ఇద్దరూ ఒకే రాత్రి దీపం ఆర్పడానికి భయపడ్డారు.

ఆ నవలలో ఒక కిటుకు ఉంది. పాపకు వచ్చిన ఆపదకు మంత్రగాడు కారణమా, లేక వైద్యానికి అందే కారణం ఏదైనా ఉందా అనే రెండు దారులూ పక్కపక్కనే నడుస్తాయి. మంత్రాన్ని నమ్మేవారికి ఒక జవాబు, శాస్త్రాన్ని నమ్మేవారికి ఒక జవాబు దొరుకుతాయి. అందువల్ల చదివినవారి మధ్య వాదం తెగేది కాదు. ఇలాంటి రచనలు మూఢనమ్మకాలను పెంచుతాయని విమర్శకులు గట్టిగానే కోప్పడ్డారు. పాఠకులు మాత్రం ఇంట్లో, బడిలో, ఆఫీసులో ఎవరి పక్షం వారు తీసుకుని వాదించుకున్నారు. ఆ వాదం నాకు మంచి సంగతిగానే తోస్తుంది. నమ్మినవాడు తన నమ్మకానికి కారణం చెప్పవలసి వచ్చింది. నమ్మనివాడు ఊరికే నవ్వి ఊరుకోకుండా తన మాటను వివరించవలసి వచ్చింది.

ఇక బుల్లితెర సంగతికి వద్దాం. 1994లో కన్నడంలో ఉదయ టీవీ, 1995లో తెలుగులో జెమినీ, ఈటీవీ మొదలయ్యాయి. కేబుల్ తీగ ఇంటికి వచ్చాక మన ఇళ్ళలో రెండు భాషలూ ఒకే పెట్టెలో నుంచి పలకడం మొదలుపెట్టాయి. 1990ల చివర్లో ఈటీవీలో వచ్చిన ‘అన్వేషిత’ మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. అచ్యుత్, యమున నటించిన ఆ అతీంద్రియ శక్తుల కథ వచ్చే వేళకు వీధులు ఖాళీ అయ్యేవి. ఆ పూట కరెంటు పోతే కరెంటు ఆఫీసు వాళ్ళకు తిట్లు తప్పేవి కావు. పోయిన ఆ భాగంలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఇప్పటిలా సెల్‌ఫోన్లు లేవు. కరెంటున్న పక్క వీధి చుట్టాన్ని అడిగి తెలుసుకోవలసిందే. ఆ చుట్టం తనకు తోచింది కొంత కలిపి చెప్పేది. అలా ఒక్క కథ వీధికో రకంగా పెరిగేది. మరో సంగతి గమనించండి. ఆ యమున కన్నడ నేల నుంచి వచ్చి 1989లో ‘మౌన పోరాటం’ సినిమాతో తెలుగువారికి దగ్గరైన నటి. మన వైపు కన్నడిగులు ఆమెను "నమ్మ హుడుగి", అంటే మా అమ్మాయి అనేవారు. తెలుగువారూ మా అమ్మాయే అనేవారు. ఆ తగవు మాత్రం ఏనాడూ కొట్లాట దాకా పోలేదు.

ఆ తర్వాత మన ఇళ్ళను ఊపిన అతీంద్రియ కథ ‘నాగిన్’. ఏక్తా కపూర్ సంస్థ హిందీలో తీసిన ఈ ధారావాహిక 2015 నవంబరులో కలర్స్ ఛానెల్‌లో మొదలైంది. మొదటి సీజన్ 2016 జూన్‌లో ముగిసింది. తెలుగులోకి డబ్బింగ్ అయి ‘నాగిని’గా మనకు చేరింది. తల్లిదండ్రులను చంపినవారి మీద పగ తీర్చుకోవడానికి ఆడపిల్ల రూపంలో ఒక ఇంటికి చేరిన నాగిని శివన్య. ఆ ఇంటి కొడుకు రితిక్‌నే పెళ్ళాడుతుంది. శివన్యగా మౌనీ రాయ్, పగవారి పక్షంలో యామినిగా సుధా చంద్రన్ నటించారు. ఈ సుధా చంద్రన్ ఎవరో మన పెద్దలు చూడగానే గుర్తుపట్టారు. ప్రమాదంలో కాలు పోయినా కృత్రిమ పాదంతో మళ్ళీ నాట్యం చేసిన మన ‘మయూరి’ సినిమా కథానాయిక ఆమే. "అంత మంచి పిల్లను ఇంత దుర్మార్గురాలిని చేసినారే!" అని ఒక పెద్దావిడ నా దగ్గర నిజంగానే బాధపడింది.

ఇక్కడ సరిహద్దు జిల్లాకు మాత్రమే తెలిసిన ఒక చిక్కు వచ్చింది. అప్పటికి కన్నడంలో డబ్బింగ్ లేదు. 1960ల నాటి నుంచి కన్నడ సినిమా పరిశ్రమ డబ్బింగ్‌ను దూరంగా ఉంచింది. పరాయి భాషల చిత్రాలు వచ్చి పడితే ఇక్కడి నటులకూ, రచయితలకూ పని పోతుందన్నది వారి భయం. ఆ భయంలో అర్థం లేకపోలేదు. చూసేవారి స్వేచ్ఛ మాటేమిటని మరో పక్షం అడిగింది. కన్నడ గ్రాహకర కూట ఫిర్యాదు మీద 2015లో కాంపిటిషన్ కమిషన్, డబ్బింగ్‌ను అడ్డుకోవడం పోటీ చట్టానికి విరుద్ధమని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత కూడా మార్పు మెల్లగానే వచ్చింది. ‘సత్యదేవ్ ఐపీఎస్’ అనే డబ్బింగ్ సినిమా 2017లో గానీ కన్నడ తెర మీదకు రాలేదు. 2020లో కరోనా వల్ల షూటింగులు ఆగినప్పుడు స్టార్ సువర్ణ ఛానెల్ మహాభారత ధారావాహికను కన్నడ డబ్బింగులో చూపింది.

ఆ మధ్య కాలంలో ఏమైందంటే, హిందీ నాగిని మన తెలుగువారికి తెలుగు మాటల్లో వచ్చింది. కన్నడంలో 2016లో జీ కన్నడ తన సొంత ‘నాగిణి’ని వేరే కథతో, దీపికా దాస్ నాయికగా తీసింది. ఇక మన ఇళ్ళలో ఒక పెట్టెలోనే ఇద్దరు నాగినులు. కొళాయి దగ్గర ఒకరు ఒక నాగిని సంగతి చెబుతుంటే, ఇంకొకరు మరో నాగిని సంగతి అనుకుని వాదానికి దిగేవారు. పది నిమిషాలు పోట్లాడుకున్నాక గానీ, ఇద్దరి కథలూ వేరని తెలిసేది కాదు. తర్వాత ఇద్దరూ నవ్వుకుని, నీ కథ నాకు చెప్పు, నా కథ నీకు చెబుతానని బిందెలు దించి కూర్చునేవారు. డబ్బింగ్ ఉండాలా వద్దా అని కమిషన్ దాకా వెళ్ళిన వ్యవహారాన్ని మన ఆడవాళ్ళు కొళాయి దగ్గర తమ నోటితోనే డబ్బింగ్ చేసి తీర్చుకున్నారు.

భాషల గురించి మాట్లాడుతున్నాం గనుక ఒక చిన్న ముచ్చట. తెలుగులో పాము అన్నది కన్నడంలో హావు. మన పగ వారి హగె. తెలుగు పకారం చాలా చోట్ల కన్నడంలో హకారం అయింది. పాలు హాలు అయినట్టు, పూవు హూవు అయినట్టు ఇవీ అయ్యాయి. అంటే ఈ రెండు భాషలూ ఒకటిగా ఉన్న నాటి నుంచే పాము, పగ అనే మాటలు మనతో ఉన్నాయన్నమాట. పాము పగ పన్నెండేళ్ళని కన్నడంలో సామెత. పాము పగబడితే వదలదని తెలుగులో నానుడి. ఇంత పాత నమ్మకం మీద కట్టిన కథ గనుకనే ముంబైలో తీసిన ధారావాహిక మన పల్లెలో పాతుకుపోయింది.

సరే, ముగింపు మాటకు వస్తాను. మొదటి సీజన్ అయిపోయింది. రెండో సీజన్ 2016 అక్టోబరులో మొదలయ్యేసరికి శివన్య తన నాగిని శక్తులు పోయి, మామూలు మనిషిగా, ఒక ఆడపిల్ల తల్లిగా ఉంది. ఆ కూతురు శివాంగి కూడా మౌనీ రాయే. కూతురికి పాతికేళ్ళు నిండితే ఆ శక్తులు వస్తాయి. రాకుండా ఉంటే బాగుండునని తల్లి ఆరాటం. ఇక్కడ మా వీధి రెండుగా చీలింది. పగ తీరింది, మొగుడు దొరికినాడు, పిల్ల పుట్టింది, ఇంకేం కావాల అని పెద్దవాళ్ళు అన్నారు. అంత శక్తి ఉన్నది అన్నీ పోగొట్టుకుని వంటింట్లో కూర్చుంటే అది గెలుపెట్లయితుంది అని కాలేజీ ఆడపిల్లలు ఎదురడిగారు. పెళ్ళికి ముందు కుట్టుపని చేసి సంపాదించుకున్న ఒక కోడలు ఉంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు. ఆ రోజు మాత్రం, "ఆ శక్తులు పోగొట్టుకున్నప్పుడు ఆమెకు ఎట్లనిపించిందో ఎవురూ అడగలేదు" అంది. ఎవరూ మాట్లాడలేదు కాసేపు. ఆ మాట నాగిని గురించేనా అని నేను అడగలేదు. కొన్ని నెలల తర్వాత ఆమె ఇంటి వసారాలో మళ్ళీ కుట్టుమిషన్ చప్పుడు వినిపించింది. ధారావాహిక వల్లనే ఆ మిషన్ మళ్ళీ తిరిగిందని నేననను. కానీ సూటిగా అనలేని మాటను అనడానికి ఆ కథ ఆమెకు ఒక చాటు ఇచ్చింది.

అతీంద్రియ కథకు ఇంకో గుణం ఉంది. దానికి ముగింపు ఎప్పుడూ ముగింపు కాదు. మామూలు కుటుంబ కథలో చచ్చినవాడు చచ్చినట్టే. ఇందులో పునర్జన్మ ఉంటుంది, శాపం ఉంటుంది, తల్లి ముఖంతోనే కూతురు వస్తుంది. చూసేవారు ఉన్నంత కాలం కథను లేపి నిలబెట్టవచ్చు. ప్రకటనల డబ్బు వచ్చేది చూసేవారి లెక్కను బట్టే గదా. అందుకే నాగిన్ రెండో సీజన్ 2017 జూన్‌లో అయితే 2018లో మూడోది కొత్త నటులతో వచ్చింది. ఇది మన దేశపు వింత అనుకోకండి. 1893లో కోనన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్స్‌ను ఒక జలపాతం దగ్గర చంపేస్తే ఇంగ్లండు పాఠకులు ఊరుకోలేదు. పదేళ్ళకు, 1903లో, అతడు చావలేదని రాయక తప్పలేదు. అమెరికాలో ‘డల్లాస్’ అనే ధారావాహికలో 1985లో చచ్చిన బాబీ అనేవాడు 1986లో స్నానాల గదిలో నుంచి లేచి వచ్చాడు. ఒక ఏడాది కథ అంతా అతడి మాజీ భార్య కన్న కల అన్నారు! ముందేను అని మన కొళాయి దగ్గర అడిగే ప్రశ్నకు ఎంత బలం ఉందో చూడండి.

ఇంతవరకు సరదా సంగతులు. ఇప్పుడు సరదా కాని సంగతి ఒకటి మనవి చేస్తాను.

నాగిని ముగింపు మా ఊరికి తెలుగులో చేరిన ఆ రోజుల్లో ఏడో తరగతి పిల్లలు పాఠం వినే స్థితిలో లేరు. సరే కానివ్వండని, ఈ కథను మీరైతే ఎలా ముగిస్తారో రాయమన్నాను. తెలుగులో రాసినా సరే, కన్నడంలో రాసినా సరే అన్నాను. సగం మంది శివన్యకు శక్తులు తిరిగి ఇచ్చారు. కొందరు యామినికి బుద్ధి వచ్చినట్టు రాశారు. ఒక పిల్లవాడు పోలీసులను తెచ్చి అందరినీ పట్టించాడు. చదువుతుంటే నవ్వు వచ్చింది. కానీ మూడు నాలుగు కాగితాల్లో ఒక మాట మళ్ళీ మళ్ళీ కనిపించింది. పామును చంపినవాడి బొమ్మ దాని కంట్లో పడుతుందనీ, దాని జత పాము ఆ బొమ్మను చూసి వెతుక్కుంటూ వస్తుందనీ రాశారు. అది కథగా రాసింది కాదు. తెలిసిన సంగతిగా రాసింది.

అప్పుడు తరగతిలో మాట్లాడించాను. పత్తి చేను ఉన్న ఇంటి పిల్ల ఒకతె లేచింది. వాళ్ళ తాతను చేలో పాము కరిచిందట. ఇది పగబట్టిన పాము, మంత్రం వేయించాలని ఇరుగుపొరుగు అన్నారట. వాళ్ళ అవ్వ మాత్రం, "పగ సంగతి నేను తర్వాత చూసుకుంటా, ముందు బండి కట్టండి" అని సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయిందట. తాత బతికాడు. ఆ అవ్వ కూడా నాగిని ధారావాహిక ఒక్క రోజు వదలకుండా చూసేదే. ఏ అవ్వకైనా అంతకన్న ఏం తెలియాలి? కథకు కేటాయించిన వేళ కథకు ఇచ్చింది, ప్రాణానికి ఇవ్వవలసిన వేళ ప్రాణానికి ఇచ్చింది.

అందరి ఇళ్ళలోనూ అలాంటి అవ్వ ఉండదు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్ళలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు 2020లో లెక్క తేల్చారు. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. వారిలో ఎక్కువమంది పల్లెటూళ్ళవాళ్ళు, చేలో పని చేసుకునేవాళ్ళు. తుంగభద్ర కాలువ కింద వరి మడుల్లోనూ, మెట్ట చేలలోనూ పని చేసే మనకు ఇది దూరపు సంగతి కాదు. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం పాముకాటు కేసులను, మరణాలను ఆసుపత్రులు తప్పనిసరిగా తెలియజేయాలని ఆదేశించింది. అదే ఏడాది మార్చిలో కేంద్రం, 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని ఒక ప్రణాళిక ప్రకటించింది. కర్ణాటకలో 2017లో ఆమోదం పొంది 2020లో అమలుకు వచ్చిన దురాచారాల నిషేధ చట్టం ఒకటి ఉంది. పాము, తేలు, కుక్క కరిచినవారిని వైద్యానికి పోకుండా ఆపి, మంత్రతంత్రాలు చేయడం ఆ చట్టం కింద నేరం.

శ్రోతలు ఒక్క నిమిషం శ్రద్ధగా వినండి. పాముకు మనకున్నట్టు బయటి చెవులు లేవు. నేల అదురును అది బాగా పసిగడుతుంది. పాములవాడి నాదస్వరం ముందు పడగ ఊపేది పాటకు పరవశించి కాదు, ఎదురుగా కదిలే బూరను చూసి. పాలు దాని ఆహారం కాదు. మనిషి ముఖం గుర్తుపెట్టుకుని ఏళ్ళ తరబడి వెతికే శక్తి దానికి లేదు. అది కరిచేది భయపడి, తనను కాపాడుకోవడానికి. కరిస్తే, కరిచిన కాలునో చేతినో కదలకుండా ఉంచండి. ఉంగరాలు, గాజులు, కాలి మెట్టెలు తీసేయండి. బిగించి తాడు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. పామును పట్టుకోవాలని దాని వెంట పడవద్దు. 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి ఎంత త్వరగా చేరితే అంత మంచిది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. కాబట్టి ఏ పాము కరిచిందో తెలియలేదని ఇంట్లో ఆగిపోకండి.

ఇది విని, అయితే నాగదేవతకు మొక్కవద్దంటారా అని ఎవరైనా అడగవచ్చు. నేను అలా అనడం లేదు. మన వైపు కన్నడ ఇళ్ళలో శ్రావణమాసంలో నాగర పంచమి, చాలా తెలుగు ఇళ్ళలో కార్తీకమాసంలో నాగుల చవితి చేసుకుంటారు. రెండూ చేసుకునే ఇళ్ళూ ఉన్నాయి. చేను కాచే జీవానికి ఏడాదికి ఒక రోజు నమస్కరించడం మంచి సంప్రదాయమే. నమస్కారం పుట్ట దగ్గర చేయండి, వైద్యం ఆసుపత్రిలో చేయించండి. అట్లాగే ధారావాహికలు చూడవద్దనీ నేను చెప్పను. వద్దంటే పిల్లలు చాటుగా చూస్తారు. చాటుగా చూసినదాని గురించి నోరు విప్పరు. మాట్లాడని భయమే మనసులో నిజంగా స్థిరపడుతుంది.

కాబట్టి ఏ అతీంద్రియ కథ కడపటి భాగమైనా చూసిన మరునాడు, మీ పిల్లలతో మీరే మాట మొదలుపెట్టండి. ఎవరు గెలిచారని అడగండి. వారికి న్యాయమంటే ఏమిటో తెలుస్తుంది. ఇందులో ఏది నిజంగా జరగగలదని అడగండి. వారు ఏం నమ్ముతున్నారో తెలుస్తుంది. నువ్వైతే ఎలా ముగిస్తావని అడగండి. వారి మనసులో కోరిక తెలుస్తుంది. తెలుగులో అడగండి, కన్నడంలో అడగండి, రెండూ కలిపి అడగండి. జవాబు తప్పని తోస్తే నవ్వకండి. ఎందుకలా అనుకుంటున్నావని ఇంకొక ప్రశ్న వేయండి. పిల్లలనే కాదు, ఇంట్లో పెద్దవారినీ, కొత్త కోడలినీ ఆ ముచ్చట్లోకి పిలవండి. కథ చాటున వారు ఏం చెబుతారో ఓపికగా వినండి.

సిద్ధుడు వచ్చి కాళ్ళూ చేతులూ అతికిస్తాడని ఎదురుచూడకుండా, జరిగిన దాన్ని కళ్ళు తెరిచి చూడమని నూరేళ్ళ కిందట ఈ ఊరి రచయిత ఒకరు తన నాటకంతో నేర్పారు. ఆ నేర్పు మనకు ఇంకా అవసరమే. తెర మీది కథను ఎవరో ముంబైలోనో, హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ముగిస్తారు. మన ఇంటి కథ ఎలా ముగియాలో తేల్చేది మాత్రం, రేపు పొద్దున మన వసారాలో మనం మాట్లాడుకునే మాటే.